నవ్వుమంటాండ్రు బాపూ

మా బాపు నవ్వగా నేను చూడలేదు. పెళ్లయినా పుట్టింటి పై అంతస్తులోనే కాపురం పెట్టి, రోజూ ఆయన ముఖం చూసే లేచే బిడ్డను, నేనే చూడలేదంటే ఇంకెవరు చూసి ఉంటారు? ఆయన కోపిష్టి మాత్రం కాదు. మాటకు మాట ఒడుపుగా అంటాడు. ఎదుటివాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే తాను మాత్రం మీసాల కింద పెదాలు బిగించి, నేనేమన్నానని అంత నవ్వుతున్నారన్నట్టు చూస్తాడు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసి నేసి, మోకాళ్లు మొరాయిస్తే మగ్గం దిగిన మనిషి. మగ్గం మీద కూర్చున్నవాడు పండ్లు ఇకిలిస్తే పోగు తెగుతుందని వాళ్ల నాయన చెప్పాడట. బాపు మగ్గం దిగి ఏళ్లు గడిచాయి కానీ ఆ కట్టుబాటు మాత్రం ఆయన మీది నుంచి దిగలేదు.

కావాలంటే మా ఇంట్లో ఫొటోలు చూడండి. పెళ్లి ఫొటోలో అమ్మ సిగ్గుతో తల వంచుకుంటే, పక్కన ఆయన ఠాణాకు పిలిపించిన సాక్షిలా నిలబడ్డాడు. నా పెళ్లి ఫొటోలోనూ అదే ముఖం. ఫొటోగ్రాఫర్ బతిమాలి బతిమాలి చివరికి అన్నం తినడానికి వెళ్లిపోయాడు.

అమ్మ దీనికి పూర్తిగా విరుద్ధం. బతుకమ్మ ఆడే దగ్గర ఆడవాళ్లంతా ఆమె చుట్టూ మూగేది పాట కోసం కాదు, ఆమె చేసే నకలు కోసం. వాడకట్టులో ఎవరి నడక వాళ్లకు, ఎవరి మూతి వాళ్లకు అప్పజెప్పేది. బాపును మాత్రం ఆయన ఎదుట ఎన్నడూ చేయలేదు. "మొగన్ని నకలు జేస్తే పాపమే" అనేది. ఆయన బయటికి పోగానే ఆ పాపం కాస్తా చేసేసి మమ్మల్ని నవ్వించేది.

మా ఆయన బ్యాంకు ఉద్యోగి. సెలవులు మురిగిపోతున్నాయని ఒకసారి మమ్మల్నందరినీ వియత్నాం తీసుకుపోతానన్నాడు.

"గక్కడ ఏమున్నది అల్లుడా?" అన్నాడు బాపు.

"పట్టు నేస్తరట మామా."

"అయితే పోదాం."

సకినాల డబ్బాతో, టమాట తొక్కుతో బయల్దేరాం. వెళ్లిన చోటల్లా సముద్రం, కొండలు, దీపాలు చూడమని మేం చూపిస్తుంటే బాపు గుడ్డలు చూశాడు. హోటల్లో పక్క మీది దుప్పటిని తిరగేసి వెనకవైపు చూసి, "మిషన్ నేత" అని పెదవి విరిచాడు. పడవ నడిపే అతని చొక్కా చేయి పట్టుకుని వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఆయన వెనకాలే నేను క్షమాపణలు చెప్పుకుంటూ తిరిగాను.

చివరి రోజు పొద్దున పట్టు నేసే చోటికి తీసుకుపోయారు. ఆ సాయంత్రమే మా విమానం. అక్కడి మగ్గాన్ని చూడగానే బాపు చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు. ఎవరైనా కూర్చుని చూస్తారా అని గైడు అడిగిందే తడవు, నేను మా బాపును ముందుకు నెట్టాను. గొప్పలు పోవడానికి అంతకన్నా మంచి చోటు నాకు దొరకదు కదా. ఆయన కూర్చున్నాడు. పోగు మోసే నాడె అటు ఇటు పరుగెత్తింది. అక్కడి ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంతలో ఒక పోగు తెగింది. అతకడానికి వంగాడు. ఎంతసేపటికీ లేవడం లేదు. ఏమిటా అని ముఖంలోకి చూశాను. పెదవి ఎడమ కొస పైకి లేచి ఉంది. మూతి ఒక పక్కకు జరిగి, అచ్చం చిలిపిగా నవ్వుతున్నట్టుంది.

"బాపు నవ్వుతాండు! వీడియో తియ్, తియ్!" అని అరిచాను మా ఆయనతో.

ఆయన తీశాడు. తీసి ఊరుకోకుండా 'మామ నవ్విన రోజు' అని రాసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. మేం ఇద్దరం మురిసిపోతుండగా అమ్మ బాపు దగ్గరికి పోయి, "ఏమైంది?" అని అడిగింది. ఆయన ఏదో అన్నాడు. నోట్లో సకినం పెట్టుకుని మాట్లాడినట్టు ముద్దగా వచ్చింది మాట. కుడిచేతి వేళ్లలోంచి పోగు జారిపోతోంది. అమ్మ ఆయన్ను అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్లు పట్టుకుని నిలబడింది. కాసేపటికి చేయి విదిలించాడు, గొంతు సవరించుకున్నాడు.

"మగ్గం మంచిగ లేదు," అన్నాడు స్పష్టంగా.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని నేను ఆటపట్టించాను. బస్సెక్కేసరికి మాట, చేయి, మూతి అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. నవ్వు కూడా పోయింది. అయ్యో, ఇంత తొందరగా పోయిందే అనుకున్నాను.

గ్రూపులో దండాలు, పూలు, కేకులు వచ్చి పడుతున్నాయి. 'పెదనాయిన నవ్విండు, ఇగ వానలు పడతయి' అని ఒకరు, 'అక్కడి నీళ్లు ఇక్కడికి తెప్పియ్యుండ్రి' అని ఇంకొకరు. భోజనానికి కూర్చున్నాక బాపు అక్క, మా పెద్దత్త, వరంగల్ నుంచి ఫోను చేసింది. ఆమెకు చదువు రాదు కనుక మా ఆయన రాసిన గొప్ప వాక్యం చదవలేదు. బొమ్మ ఒక్కటే చూసింది.

"ఏందే, గది నవ్వా?" అంది. "మా తమ్ముడు చిన్నప్పుడు నవ్వంగ నేను జూసిన. నవ్వితే రెండు బుగ్గలు లేస్తయి వానికి. గీడ ఒక్కటే లేసింది, ఇంకోటి పడిపోయింది. గది పచ్చవాతం బిడ్డా. ఆడ పావురాలు దొరుకుతయా? పావురం నెత్తురు పూస్తే..."

నేను ఫోను పెట్టేసి వీడియో మళ్లీ చూశాను. కుడి కన్ను కింద బుగ్గ జారిపోయి ఉంది. కుడి పెదవి కొస వేలాడుతోంది. ఎడమవైపు లేవలేదు, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. నేను అరిచిన కేక కూడా అందులో వినిపిస్తోంది. 'బాపు నవ్వుతాండు!' జీవితంలో మొదటిసారి నవ్వాడని మేం సంబరపడిన ఆ ముఖం, పడిపోబోయిన ముఖం.

అమ్మకు చూపించాను. ఆమె బల్ల మీద గిన్నెలో ఉన్న ఎర్ర మిరపకాయలు, ఉప్పు పిడికిట పట్టి లేచింది. ఆ హోటలు నడిబొడ్డున, పుల్లలతో సేమ్యాలు తింటున్న జనం చూస్తుండగా, బాపు చుట్టూ చేయి తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, గ్రూపుల ఉన్నోళ్ల దిష్టి, పూలు వెట్టినోళ్ల దిష్టి..." తిప్పినవి నిప్పుల్లో వేయాలి. నిప్పు ఎక్కడుంది? సర్వర్ పిల్లను పిలిచి, వంటింటి వైపు చూపించి, మంట గుర్తు చేసి ఆమె చేతిలో పెట్టింది. ఆ పిల్ల తల ఊపుతూ పట్టుకుపోయింది. కొద్దిసేపట్లో మిరపకాయలన్నీ నూనెలో చక్కగా వేయించి, పైన వెల్లుల్లి చల్లి, పింగాణీ పళ్లెంలో తెచ్చి బాపు ముందర పెట్టింది.

బాపు ఒకటి తీసి కొరికాడు. "కారం లేదు," అన్నాడు. "చూసిండ్రా, నా దిష్టి నేనే తిన్న. నోరు మంచిగున్నది, చెయ్యి మంచిగున్నది. మీకే ఏదో అయింది."

మా ఆయన అప్పటికే ఫోనులో చదవడం మొదలుపెట్టాడు. దీన్ని చిన్న స్ట్రోక్ అంటారట. వచ్చి తనంతట తానే పోతుందట. పోయింది కదా అని ఊరుకుంటే, వెనకాలే పెద్దది వచ్చే ప్రమాదం ఉందట. ఆలస్యం చేయకుండా దవాఖానకు పోవాలట. విమానంలో, మబ్బుల మీద, ఆ పెద్దది వస్తే? నా ఊహ అక్కడికి పోయి అక్కడే ఆగిపోయింది.

హోటలు గదికి తిరిగి రాగానే చెప్పాం. బతిమాలాం. నేను ఏడ్చాను. మా ఆయన ఫోనులో ఉన్నదంతా తెలుగులోకి మార్చి చదివి వినిపించాడు. బాపు సర్దిన పెట్టె మీద కూర్చుని విన్నాడు.

"దవాఖాన్లకు పోతే లేని రోగం తెలుస్తది. ఉన్న విమానం పోతది," అన్నాడు. "నేను రాను. నాకేమైంది? నిమ్మళంగున్న. మీరు జర ఫికర్ తగ్గించుకోండ్రి."

మా ఇంట్లో బాపు వద్దన్నాక పద అన్నవాళ్లు లేరు. ఆయన్ను ఎత్తుకుపోలేం, కట్టేసి తీసుకుపోలేం. అమ్మ ఒక్కసారి మా ఇద్దరి ముఖాలు చూసి, "ఇడిసిపెట్టుండ్రి. ఆయిన ఇనడు," అంది. చీర కొంగు సర్దుకుంటూ సోఫాలో కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఒక పక్కకు ఒరిగింది. కన్ను మూతపడింది. మూతి వంకరపోయింది. చేయి సోఫా మీది నుంచి జారి నేలకు వేలాడింది.

నేను కెవ్వుమన్నాను. ఒకేరోజు ఇద్దరికీనా! దగ్గరికి పోయి ఒళ్లోకి తీసుకున్నాను. కొంగు చాటున ఆమె చేయి కదిలింది. నా తొడ మీద గట్టిగా ఒక గిల్లు గిల్లింది. ఆ నొప్పికి నా ఏడుపు సగంలో ఆగింది. మళ్లీ మొదలుపెట్టు అన్నట్టు ఇంకొక గిల్లు గిల్లింది. మొదలుపెట్టాను.

బాపు పెట్టె మీది నుంచి లేచిన తీరు నేను మరిచిపోలేను. ఆ మోకాళ్లు అంత వేగంగా లేవగలవని ఎవరికీ తెలియదు. చెప్పులు కూడా వేసుకోలేదు. "దవాఖాన! దవాఖాన ఎక్కడున్నది? ఏం జూస్తాండ్రు, కారు పిలువుండ్రి!" అని అరుస్తూ లిఫ్టు బటన్లన్నీ నొక్కాడు. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగింది.

కారులో వెనక సీట్లో అమ్మ తల ఆయన భుజం మీద ఉంది. ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఆయన కుడిచేతి పట్టు ఎలా ఉందో దొంగచూపులు చూస్తున్నాను. డ్రైవరుకు మన భాష రాదు కనుక, మా ఆయన, నేను లెక్కలో లేము కనుక, బాపు నోరు తెరిచాడు.

"ఏమే," అన్నాడు. "ఇనవడతాందా? కండెలు చుట్టేటిది నువ్వు, నేసేటిది నేను. నువ్వు చుట్టకపోతే నేనేం నెయ్యాలె?"

మగ్గం అమ్మేసి ఎన్నో ఏళ్లయింది. ఇప్పుడు నూలు చుట్టే కండెలు లేవు, నేత లేదు. అయినా ఆయనకు తెలిసిన సంసారం అదే. అమ్మ మూసిన కంటి కొస నుంచి నీళ్లు కారాయి. నకలు చేయడంలో అంతటి పనితనం ఉంటుందా అని ఆ తర్వాత అడిగాను కానీ ఆమె చెప్పలేదు.

దవాఖానలో చక్రాల కుర్చీ తెచ్చారు. అమ్మను కూర్చోబెట్టి, తోయడానికి వచ్చిన అతన్ని పక్కకు నెట్టి బాపే తోశాడు. నేను ముందే పరుగెత్తి నర్సుకు ఇంగ్లీషులో చెప్పాను. రోగి కుర్చీలో ఉన్న మనిషి కాదు, కుర్చీని తోస్తున్న మనిషి. ఆమె నన్ను చూసిన చూపుకు నన్నే ముందు చేర్చుకుంటారేమో అనిపించింది. ఫోనులో వీడియో తెరిచి చూపించాను. అంతే, ఆమె ముఖం మారిపోయింది. డాక్టరు క్షణాల్లో వచ్చాడు. చిన్నవాడు, నెమ్మదైన మనిషి. వీడియో రెండుసార్లు చూసి, ఇది ఎప్పుడు జరిగిందని మాత్రం అడిగాడు.

అమ్మను ఒక తెర వెనక పడుకోబెట్టారు. బాపుతో మా ఆయన అబద్ధమాడాడు. "మామా, ఈ దేశంల పేషెంటు ఎంబడి వచ్చినోళ్లను గూడ చూస్తరట. రూలట."

"చూడుమను. జల్ది చూసి ఆమె దగ్గరికి పొమ్మను."

బీపీ చూశారు, రక్తం తీశారు. చేతులు ఎత్తమంటే ఎత్తాడు. వేలిని చూడమంటే చూశాడు. కాలు కదపమంటే కదిపాడు. ప్రతిదానికీ మధ్యలో తెర వైపు చూస్తూనే ఉన్నాడు. చివరికి డాక్టరు నా వైపు తిరిగి, నవ్వమని చెప్పమన్నాడు.

"నవ్వుమంటాండ్రు బాపూ."

బాపు డాక్టర్ని కింది నుంచి పైదాకా చూశాడు. "ఇంటిది గట్ల పడి ఉంటే నన్ను నవ్వుమంటడా? గీనికి బుద్ధున్నదా? తల్లీదండ్రీ లేరా?"

నేను ఆ మాటలను డాక్టరుకు చెప్పలేదు. మా బాపుకు నవ్వే అలవాటు లేదని మాత్రం చెప్పాను. అయితే మామూలుగా నవ్వే ఫొటో ఒకటి చూపించండి, పోల్చి చూస్తానన్నాడు డాక్టరు. ఫోనులో ఉన్న ఫొటోలన్నీ జరిపాం. పెళ్లిళ్లు, పేరంటాలు, గృహప్రవేశాలు, మొన్నటి పడవ. అన్నింట్లో అదే సాక్షి. డాక్టరు ఒక్కొక్కటి చూస్తూ, ఈయనకు ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగాడు. పుట్టినప్పటి నుంచి అన్నాడు మా ఆయన. నేను బాపూ ఒక్కసారి అని బతిమాలాను. మా ఆయన జోకులు చెప్పాడు. బాపు పెదాలు ఇంకా బిగుసుకున్నాయి.

అప్పుడు తెర సర్రుమని జరిగింది.

అమ్మ నిలబడి ఉంది. మూతి సరిగానే ఉంది, చేయి సరిగానే ఉంది. డాక్టరును గానీ మమ్మల్ని గానీ చూడలేదు. మెడ బిగించింది. చేతులు రెండూ ప్యాంటు జేబుల దగ్గర ఆనించినట్టు పెట్టుకుంది. లేని మీసాల కింద పెదాలు నొక్కిపట్టి, ఎదుట ఫొటోగ్రాఫరు ఉన్నట్టు గుడ్లప్పగించి నిలబడింది. పెళ్లి ఫొటోలో బాపు అది. మేమంతా చూసి నవ్విన ఆ నకలు, ఆయన ఒక్కడే చూడని నకలు.

బాపు నోరు తెరుచుకుంది. ఆమె పడిపోలేదన్న సంగతి ఆయనకు మెల్లగా ఎక్కుతోంది. మోసపోయిన సంగతి దాని వెనకాలే ఎక్కుతోంది. కోపం వస్తుందనుకున్నాను. కళ్లనిండా నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లతోనే, "ఓసి నీ..." అంటూ నవ్వాడు. పండ్లన్నీ కనిపించేలా, పొట్ట ఎగిరేలా నవ్వాడు.

బాపు నవ్వును మొదటిసారి చూస్తున్నాను, కానీ నేను నవ్వును చూడలేదు. రెండు కొసలను చూశాను. ఎడమ బుగ్గ లేచింది. కుడి బుగ్గ... లేచింది. కాస్త వెనకబడి లేచింది. లేచిందా, నిజంగా లేచిందా అని డాక్టరు ముఖం చూశాను. ఆయన కూడా అక్కడే చూస్తున్నాడు. నవ్వు అయిపోయాక ఆయన మృదువుగానే అన్నాడు, ఇవాళ విమానం ఎక్కించకండి అని.

ఆ తర్వాత బాపు ఎదురు చెప్పలేదు. "ఆడుదాన్ని గింత నాటకమాడనిచ్చినంక ఇంక నా మాటేం నడుస్తది" అంటూ మంచం ఎక్కాడు. స్కాను తీశారు, మెడ నరాలు చూశారు, మాత్రలు మొదలుపెట్టారు. అంతా చూసి డాక్టరు చెప్పిందేమిటంటే, మెదడులో మచ్చేమీ కనిపించలేదు, కానీ చిన్న స్ట్రోక్ కాదని కూడా చెప్పలేను, అయి ఉండొచ్చనే అనుకుని జాగ్రత్తపడాలి. నేను తర్జుమా చేశాను. అమ్మకు నచ్చలేదు.

"గంత పెద్ద మిషిన్ల పండవెట్టి ఉన్నదో లేదో చెప్పరాదా?" అని కసిరింది. మందుల కోసం బాపు బరువు చూస్తుంటే మాత్రం దగ్గరికి వచ్చి నిలబడింది. సమ్మక్క తల్లికి ఆయన నిలువెత్తు బంగారం మొక్కుకుందట, అంటే ఆయన బరువుకు సరిపడా బెల్లం. "జర సక్కగ చూడుమను. నడుముకున్న బెల్టు తీసినంక చూడుమను. మేడారం దాక మోసేటిది మనమే," అంది.

కొన్ని రోజులు ఉండి, డాక్టరు సరేనన్నాక ఇంటికొచ్చాం. గుమ్మంలో పెద్దత్త, ఆమె పక్కన బుట్ట కింద పావురం ఎదురు చూస్తున్నాయి. బాపు వంగి బుట్ట ఎత్తేశాడు. పావురం మా పై అంతస్తు గోడ మీద వాలింది. అక్కడే గూడు పెట్టింది, పిల్లల్ని కూడా చేసింది.

ఇప్పుడు మా ఇంట్లో కొత్త కట్టుబాటు ఒకటి నడుస్తోంది. పొద్దున నేను మెట్లు దిగి వచ్చేసరికి అమ్మ చాయ్ గ్లాసు, మాత్ర పట్టుకుని బాపు ముందర నిలబడి ఉంటుంది. "నవ్వు," అంటుంది. నవ్వకపోతే చాయ్ లేదు. ఆయన విసుక్కుని, గోడ వైపు చూసి, మోకాళ్లు రుద్దుకుని, చివరికి పండ్లు చూపిస్తాడు. ఆమె వంగి రెండు కొసలూ చూస్తుంది. "కుడిది జర లేపు," అంటుంది. లేపుతాడు. అప్పుడు గ్లాసు ఇస్తుంది. నలభై ఏళ్లు దొరకని నవ్వు మాకు రోజూ దొరుకుతోంది. కానీ నిజం చెప్పాలి. ఆ పెదాలు కదలడానికి ముందు ఉండే ఆ కాసింత సేపు, మెట్ల మీద నా కాలు ఆగిపోతుంది. రెండు బుగ్గలూ లేచాకే కింది మెట్టు మీద అడుగు పెడతాను.

మొన్న పొద్దున దిగి వచ్చేసరికి బాపు నవ్వేసి ఉన్నాడు. చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది, తాగడం లేదు. అమ్మ లోపలికి పోబోతుంటే కొంగు పట్టుకుని ఆపాడు.

"ఎటు పోతానవ్? నిలవడు," అన్నాడు. "ఆనాడు సోఫాల మూతి వంకర వెట్టినవు సూడు, నాకు ఇంక నమ్మకం లేదు. నువ్వు గూడ నవ్వు."

"నాకేమైంది?" అంది అమ్మ.

"నవ్వుమంటాన గదనే."

అమ్మ నవ్వింది. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని, తెగిన పోగు వెతికినట్టు ఆమె ముఖంలోకి వంగి, ఒక కొస చూశాడు, రెండో కొస చూశాడు. చూసి చూసి నిమ్మళించాకే చాయ్ తాగాడు. అప్పటికి అది చల్లారిపోయింది.